పదిహేడో వరుస

ఆ ఏడాది మార్చిలో
నారిన్ లోయలోని బళ్లో నా పని
స్టాప్‌వాచ్ పట్టుకోవడం, పొయ్యిలో బొగ్గు వేయడం,
నోరు మూసుకోవడం.
మూడోదే కష్టం.

సైకల్ మేడమ్ ప్రశ్న పిడికెడంత:
పాఠం చెప్పకముందే పిల్లల్ని ఊహించమంటే,
తప్పే చెప్పనీ,
తరవాత విన్నది ఎక్కువ గుర్తుంటుందా?

మా అమ్మనడిగితే టీ వొంపుతూ
తలెత్తకుండానే "ఉండదూ మరి!" అనేది.
ఆ "ఉండదూ మరి"ని ఊరికే నమ్మకుండా ఉండటానికే
మేడమ్ బిష్కెక్ నుంచి
మంచుదారిలో ఏడు గంటలు కుదుపులు తింది.

నా ఉన్నిటోపీలో నలభై రెండు చీటీలు.
కవల అక్కచెల్లెళ్లు చెరో జట్టులో పడ్డారు.
హెడ్మాస్టరు దగ్గి, మీసం సవరించుకుని,
తన మనవణ్ణి ఊహించే జట్టులోకి మార్చమన్నాడు.
"టోపీ ఒప్పుకోదండీ" అంది మేడమ్.
టోపీ నాదే అయినా
నన్నెవరూ అడగలేదు.

ఊహించే జట్టులో లేని జూరా అడిగింది:
"ఆ ఆట మంచిదైతే మాకెందుకు లేదు?"
మేడమ్ నేలమీద చతికిలబడి
ఆ పిల్ల కళ్లకి తన కళ్లు సమం చేసుకుని
"మంచిదో కాదో నాకు తెలీదు కాబట్టి" అంది.
పంతులమ్మ నోట "తెలీదు" వినడం
జూరాకి అదే మొదలేమో,
లెక్కల పుస్తకం చివరి పేజీలో
తారీఖుతో సహా రాసుకుంది.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు.
నిలకడంటే ఎన్ని వారాలో ఎవరూ చెప్పరు.
మాకు ఆరు పట్టాయి.
అదే పాఠం, అదే గొంతు, అవే పన్నెండు నిమిషాలు,
కిటికీలోంచి గుర్రం తొంగిచూసిన రోజు కూడా
అవే పన్నెండు నిమిషాలు.

పరీక్ష రోజు
ఒర్మోన్ బల్లమీద తలపెట్టి నిద్రపోయాడు.
పట్టికలో వాడిది పదిహేడో వరుస.
రాత్రంతా కొట్టంలో గొర్రెల కాన్పులు,
చొక్కా చేతులకి ఇంకా ఆ పచ్చి వాసన.
కాగితం మీద పేరుంది,
పేరు కింద చొంగ మరక.
సున్నా.

ఆ రాత్రి లాప్‌టాప్ వెలుగులో
వాణ్ణి ఉంచితే తేడా కుంటింది.
వాణ్ణి తీసేస్తే
నిటారుగా లేచి నిలబడింది,
పత్రికలో అచ్చుకి తయారుగా,
తల దువ్వుకుని.

నేను నోరు తెరిచాను.
"నిద్రపోయినవాడి పేపరు పేపరేనా?
ఒక్క వరుసే కదా మేడమ్."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది,
అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.
"వీడికి ఇరవైకి ఇరవై వచ్చుంటే
రాత్రి పడుకున్నాడా లేదా అని
అడిగేవాడివా?"

బొగ్గు వేయడానికి లేచాను.
పొయ్యి నిండుగానే ఉంది.

మొదటి రోజు మేమే రాసి సంతకాలు పెట్టిన నియమాల్లో
జ్వరం ఉంది, బడి మానడం ఉంది,
నిద్ర లేదు.
రాయనిది ఇప్పుడు రాస్తే
అది నియమం కాదు, కోరిక.
పదిహేడో వరుస ఉండిపోయింది.
తేడా ఉందని చెప్పలేమని
ఆమె ఒకే వాక్యం టైపు చేసి,
చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆ రాత్రి మూడు గొర్రెపిల్లలు బతికాయట.
దానికి మా పట్టికలో గడి లేదు.

మే నెలలో మంచు కరిగి దారి బురదైంది.
మేడమ్ మళ్లీ వచ్చింది, జూరాకి మాటివ్వకపోయినా.
"ఇంకా తెలీదు" అని చెప్పింది.
చెప్పేటప్పుడు గొంతు కొంచెం జీరపోయింది,
అది నేను కొలవలేదు.

జూరా చివరి పేజీ తీసింది.
పాత "తెలీదు" కింద
"ఇంకా" అని చేర్చి, కొత్త తారీఖు వేసి,
పెన్సిల్ కొరుకుతూ నావైపు తిరిగి
టోపీ తెచ్చావా అని అడిగింది.